పాము మందు పడకపోతే?

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. బాధితులు వరసగా అవనిగడ్డ ఆస్పత్రికి చేరారు. నెలాఖరులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి పూజలు కూడా చేయించారు. మోకాలి లోతు నీళ్లలో దిగి నాట్లు వేసేవాళ్ల భయం అది, తేలిగ్గా చూడదగింది కాదు. అయితే ఆ భయం వెనకే ఇంకో భయం ఆస్పత్రి దాకా వస్తుంది. "పాము ఇంజెక్షన్ పడకపోతే ఎట్లా, డాక్టరుగారూ?"

అడగవలసిన ప్రశ్నే. కొందరికి నిజంగానే పడదు, కారణం ఆ మందు పుట్టుకలో ఉంది. పాముల నుంచి తీసిన విషాన్ని గుర్రానికి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. గుర్రం దాన్ని తట్టుకుని రక్తంలో యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. వాటిని వేరుచేసి, శుద్ధిచేసి సీసాలకు ఎత్తుతారు. మన దేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ విరుగుడు. హైదరాబాదులోనూ ఇది తయారవుతోంది. ఎంత శుద్ధిచేసినా అది గుర్రం ప్రోటీనే. మన ఒంటికి విషమూ పరాయిదే, విరుగుడూ పరాయిదే.

ఇలా పడకపోవడానికి మనం వాడే అలర్జీ అన్న మాట కూడా గుర్రం సీరం చలవే. వియన్నాలో పిల్లలకు కంఠసర్పి వంటి జబ్బులకు గుర్రం సీరం ఇస్తే, కొన్నాళ్లకు జ్వరం, దద్దుర్లు, కీళ్ల వాపు కనిపించాయి. క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ అనే డాక్టర్లు 1905లో దీని మీద పుస్తకం రాశారు. మరుసటి ఏడు పిర్కే అలర్జీ అన్న మాటను పుట్టించాడు.

పెన్సిలిన్ పడకపోవడం వేరు, పాము మందు పడకపోవడం వేరు. పెన్సిలిన్ అలర్జీలో మందు ముందు ఒకసారి ఒంటికి పరిచయమై ఉంటుంది. అప్పుడు తయారైన ఐజీఈ అనే యాంటీబాడీ కాచుకుని ఉండి, తర్వాతి మోతాదుకు విరుచుకుపడుతుంది. పాము మందుకు చాలామందిలో ఆ పాత పరిచయం అక్కర్లేదు. మొదటిసారి ఎక్కించినప్పుడే రక్షణ వ్యవస్థ నేరుగా రెచ్చిపోవచ్చు. హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలై దురద, దద్దుర్లు, వాంతులు మొదలవుతాయి. ముదిరితే గొంతు వాస్తుంది, ఆయాసం వస్తుంది, బీపీ పడిపోతుంది. అందుకే ముందుగా చర్మం కింద చుక్క మందు వేసి చూసే టెస్టు డోసు ఇక్కడ నమ్మదగింది కాదు. అది బాగుందన్నంత మాత్రాన రియాక్షన్ రాదని చెప్పలేం. దానికోసం ఆగితే పోయేది విలువైన సమయం.

రియాక్షన్ ముప్పుకు మందు లేకపోలేదు. అడ్రినలిన్ ఉంది, చవకైనది, చిన్న ఆస్పత్రిలోనూ ఉండవలసినది. పెద్దవాళ్లకు తొడ కండలో అర మిల్లీగ్రాము ఇస్తే వదులైన రక్తనాళాలు బిగిసి, ఊపిరి దారులు తెరుచుకుంటాయి. రియాక్షన్ రాగానే డ్రిప్పు ఆపుతారు, అడ్రినలిన్ ఇస్తారు, మనిషి తేరుకున్నాక మళ్లీ నెమ్మదిగా ఎక్కిస్తారు. శ్రీలంకలో 1007 మంది మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, విరుగుడుకు ముందే చిన్న మోతాదు అడ్రినలిన్ ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు 48 గంటల్లో 38 శాతం తగ్గాయి. చాలాచోట్ల ముందు జాగ్రత్తగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్, ప్రోమెథజిన్‌లకు అలాంటి ఫలితం కనబడలేదు.

కాబట్టి నా మాట స్పష్టం. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తుంటే, రియాక్షన్ భయంతో విరుగుడు ఇవ్వకుండా అవనిగడ్డ నుంచి బందరుకో, గుడివాడ నుంచి బెజవాడకో పంపడం తప్పు. కట్లపాము విషం దారిలోనే ఊపిరి కండరాలను పడగొట్టవచ్చు. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టకుండా చేసి, కిడ్నీలను దెబ్బతీస్తుంది. అడ్రినలిన్ పక్కన పెట్టుకుని మొదటి మోతాదు అక్కడే మొదలుపెట్టాలి, తర్వాత అవసరమైతే పంపాలి.

ఇంటికి వచ్చాక రెండు వారాల లోపు జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు వస్తే విషం తిరగబెట్టిందని పసరు వైద్యానికి పోకండి. పిర్కే చూసింది అదే జబ్బు, మందులతో తగ్గుతుంది. పాము మందు ఎక్కించిన చీటీ పట్టుకుని అదే ఆస్పత్రికి వెళ్లండి.