టీవీ వెనక పోర్టు చూశారా?

ఇంట్లో వీడియోలన్నీ ఒకచోట దాచుకుని టీవీలో చూడటానికి న్యాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్క్ పెట్టె) కొనేవాళ్లు ముందు అడిగేది ‘ఎన్ని టెరాబైట్లు?’ అని. నన్నడిగితే, ముందు చూడాల్సింది దారి వేగం.

డిస్క్ సామర్థ్యాన్ని బైట్లలో చెబుతారు, నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలో. 8 బిట్లు ఒక బైటు. గిగాబిట్ లైను మీద సెకనుకు గరిష్ఠంగా 125 మెగాబైట్లు వెళ్తాయి. ఈ రోజుల్లో వచ్చే మామూలు హార్డ్‌డిస్క్ పెద్ద ఫైలును వరసగా చదివేటప్పుడు ఆ వేగాన్ని అందుకుంటుంది. సినిమాలు దాచడానికి ఎస్‌ఎస్‌డీ మీద డబ్బు పోయక్కర్లేదు. బ్లూ-రే వీడియోకు పరిమితి 40 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). 4కె బ్లూ-రే అయితే 128 దాకా వెళ్తుంది. గిగాబిట్ లైనుకు అదీ తేలికే.

మరి బొమ్మ ఎందుకు ఆగుతుంది? చాలా స్మార్ట్ టీవీల లాన్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే. 128కి ఎగబాకే ఫైలు అక్కడ ఇరుక్కుంటుంది. రౌటర్ దగ్గర్లో ఉంటే ఇలాంటి టీవీకి వైరు కన్నా 5 గిగాహెర్ట్జ్ వైఫైయే మేలు.

ఇంకో కారణం ట్రాన్స్‌కోడింగ్. ఫైలు ఫార్మాట్ టీవీకి అర్థం కాకపోతే న్యాస్ దాన్ని అప్పటికప్పుడు మార్చి పంపాలి. చిన్న ప్రాసెసర్ 4కె దగ్గర చేతులెత్తేస్తుంది. ఒక్కోసారి సబ్‌టైటిల్స్ పెట్టినా ఇదే తంతు. టీవీ నేరుగా ఆడించే ఫార్మాట్‌లో ఫైళ్లు ఉంచుకుంటే ఖరీదైన పెట్టె అక్కర్లేదు.

ఇక స్థలం. 50 ఎంబీపీఎస్‌తో తీసిన ఆరు గంటల పెళ్లి వీడియోకు 135 జీబీ కావాలి. 4 టీబీ డిస్క్‌లో అలాంటివి 29 పడతాయి. అదే డిస్క్ విండోస్‌లో 3.63గా కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ లెక్క 1024ల్లో.

రెండు 4 టీబీ డిస్కులను రెయిడ్ 1లో, అంటే రెండింట్లోనూ ఒకే డేటా ఉండేలా, పెడితే దక్కేది 4 టీబీయే. ఒక డిస్క్ చెడిపోతే రెయిడ్ కాపాడుతుంది. పొరపాటున ఫైలు చెరిపేస్తే మాత్రం రెండింట్లోనూ పోతుంది. అందుకే ఇంటి వాడకానికి న్యాస్‌లో ఒకటే డిస్క్ చాలంటాను. రెండోదాన్ని యూఎస్‌బీ డిస్క్‌గా నింపి ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో ఉంచండి. సెకనుకు 110 మెగాబైట్ల వేగంతో ఒక టీబీ కాపీకి రెండున్నర గంటలు పడుతుంది. అదే 100 ఎంబీపీఎస్ లైను మీద దాదాపు 22 గంటలు. ఆ కాపీ తీసేటప్పుడు యూఎస్‌బీ డిస్క్‌ను నేరుగా న్యాస్‌కే తగిలించండి.