కోరంగి రేవు దాటినవాళ్ల సభ

మారిషస్ జనాభా లెక్కల్లో మతం అనే గడి దగ్గర కొందరు ‘తెలుగు’ అని రాయిస్తారు. అక్కడ అది తప్పు కాదు. హిందువులు, తమిళులు, మరాఠీలు, తెలుగులు అని ప్రభుత్వమే వేరువేరుగా లెక్క కడుతుంది. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. అయినా ‘మీరెవరండీ’ అంటే తెలుగువాళ్లమనే చెబుతారు. ఆ మాట ఇన్ని తరాలు నిలబడిందంటే అందులో పెద్ద వాటా మారిషస్ ఆంధ్ర మహాసభది. 1940ల రెండో సగంలో పుట్టిన ఆ సభ గురించి గోదావరి వాళ్లు ఇంకాస్త ఎక్కువే తెలుసుకోవాలి. ఆ కథ మొదలైంది మన గుమ్మంలోనే.

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగికీ తాళ్లరేవుకీ మధ్య కోరంగి. ఇవాళ మనం అక్కడికి మడ అడవులు చూడ్డానికీ, చెక్క వంతెన మీద ఫొటోలు దిగడానికీ వెళ్తాం. ఒకప్పుడు అది ఓడలు కట్టే రేవు, ఓడలు బాగుచేసే రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చేసింది. వాటి మధ్యలో 1832-33 నందన కరువు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. గోదావరి నిండుగా పారుతున్నా పొలానికి నీరెక్కేది కాదు. రాజమండ్రి జిల్లా ఎంత చితికిపోయిందో మాంట్‌గోమరీ దొర 1844లో నివేదిక రాస్తేనే ఆనకట్ట కట్టాలన్న కాటన్ దొర మాట చెల్లింది.

అటు మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల దొరలకు కూలీలు కావలసి వచ్చారు. మధ్యలో కొన్నేళ్లు ఆపిన కూలీల ఎగుమతిని 1842 చట్టంతో మళ్లీ తెరిచారు. ఆ మరుసటి ఏడాదే ‘కొరింగా ప్యాకెట్’ అనే ఓడలో తమవాళ్లు దిగారని అక్కడి తెలుగువాళ్లు చెప్పుకుంటారు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినా తెలుగు కూలీలకు రేవు పేరే అంటుకుంది. మారిషస్‌లోనూ, బర్మాలోనూ వాళ్లు ‘కొరింగీ’లే.

1852కి ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో కూలికి పని దొరికింది. అయితే ఓడెక్కినవాళ్లు గోదావరి వాళ్లే కాదు, విశాఖ, గంజాం వైపు వాళ్లూ బాగానే ఉన్నారు. అందుకే మారిషస్ తెలుగువాళ్ల ఇలవేల్పుల్లో సింహాద్రి అప్పన్నకు అంత పెద్దపీట. పక్కనే అమ్మోరు. పుస్తకాల్లో అమ్మవారు అని రాసుకుంటాం గానీ మన పల్లెల్లోనూ ఆవిడ అమ్మోరే కదా.

అక్కడ పోయినవాటిలో మొదటిది ఇంటిపేరు. దిగగానే రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఒంటి మీది గుర్తు, ఊరు రాసుకునేవాళ్లు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు. తాత పేరు అప్పన్న అయితే మనవలూ మునిమనవలూ అందరికీ అప్పన్నే ఇంటిపేరయింది. ఇంటిపేరూ గోత్రమూ చెప్పనిదే పెళ్లి మాట ఎత్తని మనకి ఇది చిన్న నష్టంగా కనిపించదు. ఆ రిజిస్టర్లు, కూలీలకు తీసిన ఫొటోలు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. 1970లో ఇందిరాగాంధీ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగిన సంస్థ అది. అక్కడ తెలుగు కూడా చెబుతారు.

ఆంధ్ర మహాసభ చేసే పని పైకి చూస్తే మామూలుగానే ఉంటుంది. గుళ్లను ఒక గొడుగు కిందికి తేవడం, పండగలు జరిపించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం. ప్రభుత్వం మత సంస్థలకిచ్చే సాయం తెలుగు గుళ్లకు అందేది ఈ సభ ద్వారానే. సర్కారు బళ్లలో తెలుగు ఒక పాఠం. ఉగాది నాడు దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. మన దగ్గర ఇంగ్లీషు మీడియం బళ్లలో తెలుగు పీరియడ్ ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు ఈ జాబితాను కాస్త సిగ్గుతోనే చదవాలి.

ఇంతకీ మారిషస్ పిల్లలను తెలుగుకు కట్టిపడేసేది పాఠ్యపుస్తకం కంటే రామభజనేమో అని నాకు అనుమానం. నడుమ ఎత్తయిన దీపస్తంభం. చుట్టూ తాళాలు పట్టుకుని మగవాళ్లు వలయంగా నిలబడతారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అడుగు మీద అడుగు వేస్తూ దీపం చుట్టూ తిరుగుతారు. మొదట నెమ్మదిగా, పోనుపోను జోరుగా, తెల్లవారేదాకా. దీపం కొండెక్కకుండా చూడ్డం ఒకరి పని. మన ఊళ్లలో రామాలయం దగ్గర ఏకాహం పెట్టినప్పుడు జరిగేది ఇదే. ఇక్కడ వంతులవారీగా మనుషులు మారతారు, పాట ఆగదు. పాడేవాళ్లలో ఎంతమందికి ప్రతి మాటకూ అర్థం తెలుసని అడగడం అనవసరం. తప్పు పోకుండా తాత నుంచి మనవడికి అందింది, అది చాలదా?

సంస్థ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే పక్క దీవికి వెళ్లాలి. మారిషస్ తెలుగువాళ్ల కంటే ముందే, 1828-29లో, మన యానాం నుంచి తెలుగు కూలీలు ఫ్రెంచి దీవి రీయూనియన్‌కు వెళ్లారు. అప్పట్లో దాని పేరు బూర్బన్. వాళ్ల సంతతి ఇవాళ తమిళుల సంతతితో కలిసిపోయి ‘మలబార్’లుగా పిలిపించుకుంటోంది. గుళ్లున్నాయి, నిప్పులు తొక్కుతారు. తెలుగు అన్న పేరు మాత్రం విడిగా మిగల్లేదు. అందరినీ ఫ్రెంచివాళ్లను చేయాలన్న అక్కడి పాలన ఒక కారణం. తెలుగువాళ్లమని పట్టుబట్టే సభ లేకపోవడం మరో కారణం. బయల్దేరిన చోటు దాదాపు ఒకటే, కోరంగికీ యానాంకీ దూరమెంతని? ఆ రెండు దీవుల తెలుగువాళ్లను వేరుచేసింది దస్త్రాలూ గుళ్లూ సభ్యత్వాలూ అని నా లెక్క.

మారిషస్ వాళ్లు తమ వంతు చేశారు. లోటు మన వైపే ఉంది. రిజిస్టరులో ‘రాజమండ్రి’ అని చూసి ఒక మునిమనవడు నేరుగా రాజమండ్రిలో రైలు దిగితే అతనికి ఏమీ దొరకదు. 1859 దాకా రాజమండ్రి అంటే పట్టణమే కాదు, ఒక జిల్లా. తర్వాత అది గోదావరి జిల్లా అయింది. 1925లో తూర్పు, పశ్చిమ అన్న పేర్లు వచ్చాయి. 2022లో మళ్లీ ముక్కలయి, కోరంగి ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉంది. పైగా ఊళ్ల పేర్లను దొరల గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసేశారు.

ఈ సంచిక చదివే గోదావరి వాళ్లకు రెండు విన్నపాలు. మన కళాశాలల చరిత్ర శాఖలు పూనుకుని, ఆ రిజిస్టర్లలోని పాత ఊరి పేర్లకు ఎదురుగా నేటి ఊరు, మండలం పేర్లు చూపే పట్టిక ఒకటి తయారుచెయ్యాలి. దాని ఖర్చులో మీరూ పాలు పంచుకోండి. కోరంగిలో, మడ అడవులకు పోయే దారిలో, ఇక్కడి నుంచి ఓడెక్కిన కూలీల పేరిట తెలుగులోనూ క్రియోల్‌లోనూ చెక్కిన రాయి ఒకటి నిలబెట్టండి.