బట్టీ వ్యాసానికి బ్యాండ్లు రాలవు

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో రైటింగ్ విభాగాన్ని ఏ కొలతలతో దిద్దుతారన్నది రహస్యమేమీ కాదు. అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచనలు ఒక వరసలో అల్లుకున్నాయా, పదసంపద ఎంత, వ్యాకరణం ఎలా ఉంది అన్న ఈ నాలుగు అంశాలకూ సమాన వాటా. ఏ బ్యాండుకు (మార్కుల స్థాయికి) ఏ లక్షణాలుండాలో చెప్పే పట్టిక కూడా బహిరంగమే. విద్యార్థుల చేతుల్లో తిరిగేది మాత్రం వేరే సరుకు: ఖాళీలు వదిలిన ‘టెంప్లేటు’. ప్రశ్న ఏదైనా సరే, ఖాళీల్లో అంశం పేరు ఇరికిస్తే 7 బ్యాండు ఖాయమట!

పట్టికను పచారీ కొట్టు చీటీలా చదవడం వల్ల వచ్చిన తిప్పలివి. అనుసంధాన పదాలు చూస్తారని వినగానే ప్రతి వాక్యం నెత్తినా ఒక ‘మోరోవర్’, ఒక ‘ఫర్దర్‌మోర్’ వచ్చి కూర్చుంటాయి. పట్టిక చెప్పేది దాదాపు తలకిందులు. అలాంటి పదాల అతివాడకం 5వ బ్యాండు లక్షణాల్లో ఉంది, యాంత్రికమైన అతుకు 6లో ఉంది. 9వ బ్యాండులో అతుకు దాదాపుగా కంట పడకూడదు. వ్యాసం మొత్తం బట్టీదేనని రుజువైతే దక్కేది సున్నా.

అంతదాకా పోకపోయినా నష్టం తప్పదు. నగరాల్లో సొంత కార్లను నిషేధించాలన్న వాదనతో ఎంతవరకు ఏకీభవిస్తారని అడిగితే, బట్టీ వ్యాసం కాలుష్యం మీద లాభనష్టాలు ఏకరువు పెడుతుంది. ఏకీభవిస్తున్నట్టా, లేదా? చెప్పదు. ఆ మొదటి అంశంలో 5 పడితే, మిగిలిన మూడింటా 7 వచ్చినా సగటు 6.5 దాటదు. పైగా రైటింగ్‌లోని రెండు ప్రశ్నల్లో, మొదటిదానికంటే వ్యాసం అడిగే ఈ రెండో ప్రశ్నకు రెట్టింపు విలువ. అర బ్యాండు తగ్గితే మళ్లీ వేలల్లో ఫీజు, ఒక్కోసారి చేజారిన అడ్మిషన్.

‘నాలుగు పేరాల చట్రం’ అన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. పేరాల విభజనను పట్టిక లెక్కలోకి తీసుకుంటుంది. చట్రం ముందే తెలిసినవారికి, రెండో ప్రశ్నకు సూచించిన 40 నిమిషాల్లో ఆలోచించే తీరిక మిగులుతుంది. అయితే చట్రం వేరు, అందులో ముందే పోసిపెట్టిన వాక్యాలు వేరు.

పొడవు పెరిగితే మార్కులు పెరుగుతాయన్నది అపోహే: రెండో ప్రశ్నకు కనీసం 250 పదాలుండాలి, అంతకుమించిన పొడవుకు బహుమతేమీ లేదు. ప్రశ్నలోంచి ఎత్తి రాసిన వాక్యాలు లెక్కకు రావు. పరీక్షకుడి అభిప్రాయంతో ఏకీభవించనక్కర్లేదు. టైపు చేసిన జవాబునైనా దిద్దేది మనుషులే.

ఇక, అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడికి పట్టికెందుకనే వాదన ఒకటుంది. అమెరికాలో 1912లో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబుపత్రాన్ని వంద మందికి పైగా ఉపాధ్యాయులతో దిద్దించారు. వచ్చిన మార్కులు 64 నుంచి 98 దాకా! అంశాలవారీ కొలతలు వచ్చింది ఈ తేడాను తగ్గించడానికే. పూర్తిగా పోగొట్టాయని ఎవరూ అనరు.

అభ్యర్థికి పట్టిక పనికొచ్చేది పరీక్షకు ముందే. ఒక వ్యాసం రాసి, నాలుగు అంశాలకూ విడివిడిగా బ్యాండు వేసుకోవాలి. అనుసంధాన పదాలన్నీ కొట్టేసి మళ్లీ చదవాలి. అప్పుడు వాక్యాల మధ్య సంబంధం తెగిపోతే, అది మొదటినుంచీ లేనట్టే. ఆ పట్టిక నిర్వాహకుల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.