పని ఎన్నాళ్ళు పట్టును?

1970 తరువాతి దశాబ్దమున ఇజ్రాయెల్ దేశములో కొందరు ఉపాధ్యాయులు, మనస్తత్వశాస్త్ర విద్యార్థులు కలసి ఉన్నత పాఠశాలలకు ఒక పాఠ్యగ్రంథము వ్రాయ పూనుకొన్నారు. మనుష్యులు ఎట్లు అంచనా వేయుదురు, ఎట్లు నిర్ణయము చేయుదురు అనునదే గ్రంథ విషయము. ఆ బృందమునకు పెద్ద డేనియల్ కానెమన్. ఈయనకే 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

సుమారు ఒక సంవత్సరము పని సాగిన పిమ్మట కానెమన్ ఒకనాడు, వ్రాతప్రతి ముగియుటకు ఇంక ఎంత కాలము పట్టునో ఎవరి కాగితము మీద వారిని వ్రాయుమన్నాడు. ఒకరి మాట మరియొకరు వినకమునుపే వ్రాయించుటలో యుక్తి ఉన్నది. ముందుగా ఒక పెద్దమనిషి ‘రెండేండ్లు’ అన్నచో తక్కినవారి అంచనాలును ఆ చుట్టుప్రక్కలనే తిరుగును గదా! కాగితములు విప్పి చూడగా అన్నియు ఒకటిన్నర, రెండున్నర ఏండ్ల మధ్యనే ఉన్నవి.

ఆ బృందములో సీమూర్ ఫాక్స్ అను పాఠ్యప్రణాళికా నిపుణుడు కలడు. ఇటువంటి పనికి పూనుకొన్న ఇతర బృందములకు ఎంత కాలము పట్టినదని కానెమన్ ఆయనను అడిగినాడు. ఆయన కొంత తడవు ఆలోచించి, వారిలో నూటికి 40 వంతుల బృందములు పని ముగింపనే లేదనియు, ముగించిన వారికి 7 మొదలు 10 సంవత్సరములు పట్టినదనియు చెప్పినాడు. చిత్రమేమనగా, ఈ సంగతి తెలిసిన ఫాక్స్ కూడ క్షణము క్రితము తన కాగితము మీద రెండేండ్ల ప్రాంతపు అంకెనే వ్రాసియున్నాడు! అయినను వారు పని మానలేదు. గ్రంథము ముగియుటకు మరి 8 సంవత్సరములు పట్టినది. అప్పటికి ప్రభుత్వ శాఖకు దానిపై ఆసక్తి సన్నగిల్లినది. ఆ పుస్తకము ఏ తరగతిలోను వాడబడలేదు.

కానెమన్, ఆయన సహచరుడు ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో ఈ పొరపాటునకు ‘ప్రణాళికా భ్రమ’ అని చెప్పదగిన పేరు పెట్టినారు. మన పనిని లోపలినుండి చూచునపుడు చేయవలసిన మెట్లు మాత్రమే కనబడును. రాబోవు జబ్బులు, తగవులు, తిరుగవ్రాతలు కనబడవు. బయటినుండి, అనగా అటువంటి ఇతర పనుల చరిత్రనుండి చూచిన అంచనా నిజమునకు చేరువగా ఉండును. సిడ్నీ నగరపు ఆపెరా భవనము 1963లో 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో ముగియునని మొదట అనుకొన్నారు. అది 1973లో, 10 కోట్ల 20 లక్షల డాలర్లతో ముగిసినది.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ బాధ మరింత హెచ్చు. ఏలయన వారు చేయు పని ప్రతిసారి కొంత క్రొత్తదే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది ప్రోగ్రాము నిపుణులు సమావేశమై తమ పద్ధతికి ‘అజైల్’, అనగా చురుకైనది, అని పేరు పెట్టి ఒక ప్రకటన చేసినారు. పెద్ద పనిని చిన్న తునకలుగా చేసి, కొద్ది వారములకు ఒకసారి వాడుకకు పనికివచ్చు భాగమును అందించుట అందులోని ముఖ్యాంశము.

తునకలకు అంచనా వేయుటకు జేమ్స్ గ్రెన్నింగ్ 2002లో ఒక పేకాట వంటి విధానమును వివరించినాడు. (పేకాట యనగానే బెత్తము తీయనక్కరలేదు, ఇందు పందెము లేదు.) ఒక్కొక్కరి చేతిలో 1, 2, 3, 5, 8, 13 వంటి అంకెల ముక్కలుండును. ఒక తునకను గూర్చి చర్చించి, అందరు ఒక్కమారే ముక్క చూపుదురు. ఒకరు 3, మరియొకరు 13 చూపినచో ఆ యిద్దరు తమ కారణములు చెప్పవలెను. ఎక్కువ మేలు ఇచ్చటనే జరుగును. 13 చూపినవానికి తక్కినవారెరుగని చిక్కు ఏదియో తెలిసియుండును. అంకెల నడుమ ఎడము పెరుగుటకు కారణము సులభము. 1 కిలో, 2 కిలోల బరువులకు గల భేదము చేతికి తెలియును. 20, 21 కిలోల భేదము తెలియదు.

ఈ అంకెలు దినములు కావు, పోలికలు మాత్రమే. దినములు అనుభవమునుండి వచ్చును. రెండు వారముల విడతలు మూడింటిలో ఒక బృందము 18, 22, 20 పాయింట్ల పని ముగించినదనుకొందము. సగటు 20. మిగిలిన పని 120 పాయింట్లయినచో దాదాపు 6 విడతలు, అనగా 12 వారములు పట్టును. సగము చేసిన తునకకు లెక్కలో సున్నయే. ఈ సగటును ‘వెలాసిటీ’ అందురు. భౌతికశాస్త్రములోని వేగమునకు దిశ ఉన్నది, దీనికి లేదు. ఒక బృందపు వేగమును మరియొక బృందముతో పోల్చరాదు. పోల్చి మెచ్చుకొన మొదలిడినచో మరునాటినుండి 3 అనదగిన తునక 5 అగును.

ఇక ఏ తునక ముందు? ఒక పాఠశాల కార్యాలయమునకు రెండు ప్రోగ్రాములు కావలెననుకొందము. మొదటిది వ్రాయుటకు 6 వారములు, అది వారమునకు 6 గంటల శ్రమ తప్పించును. రెండవది 2 వారములు, వారమునకు 4 గంటలు తప్పించును. పెద్దదే ముందు చేసినచో వేచియుండుటలో నష్టము 6×6 + 8×4 = 68 గంటలు. చిన్నది ముందైనచో 2×4 + 8×6 = 56 గంటలు. శ్రమ అంతే, వరుస మార్చగా 12 గంటలు మిగిలినవి. లాభమును కాలముచే భాగించి, ఆ లబ్ధము హెచ్చుగా ఉన్నదానిని ముందు చేయవలెనని 1956లో డబ్ల్యు. ఇ. స్మిత్ నిరూపించినాడు. విద్యార్థులు మూడు పనులతో ఆరు వరుసలను వ్రాసి దీనిని సరిచూడవచ్చును. అయితే ఒక పని మరియొకదానిపై ఆధారపడినపుడు ఈ సూత్రము ఉన్నదున్నట్లు చెల్లదు: మార్కుల పట్టిక సిద్ధము కానిదే ప్రగతి పత్రములు అచ్చు వేయుట ఎట్లు?