దెబ్బ ఎడమ మోకాలికి, నొప్పి కుడి మోకాలికి: పెన్షన్ వస్తుందా?

అరకు నుంచి విశాఖ దిగాలంటే ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు. పెన్షన్ కాగితాల కోసం అంత దూరం పోలేని మాజీ జవానుకు ఊళ్లో ఎవరో చెప్పిందే చట్టం. ఆ చెప్పుడు మాటల్లో కొన్ని చూద్దాం.

అపోహ: సర్వీసులో దెబ్బ తగిలింది ఎడమ మోకాలికి. ఇప్పుడు కుడిది అరిగితే అది వయసు మీద పడడమే.

వాస్తవం: అలా కొట్టిపారేయడానికి లేదు. లిగమెంటు తెగిన కీలు కొన్నేళ్లకు అరిగే ముప్పు ఎక్కువ. ఒక కాలు పోగొట్టుకున్నవారికి రెండో మోకాలు అరగడమూ వైద్యులకు తెలిసిన విషయమే. కాఫీ తోట నుంచి కొండవాలు దిగే మనిషిని గమనించండి. దెబ్బతిన్న కాలు ముందు కిందికి వేస్తాడు. ఆ క్షణం ఒంటి బరువంతా వంగిన మంచి మోకాలే మోస్తుంది. తలమీద బుట్ట ఉంటే ఆ బరువూ దానిదే.

అమెరికాలో ఇలా మొదటి గాయం తెచ్చిపెట్టిన రెండో జబ్బుకు విడిగా క్లెయిమ్ ఉంది. మన దగ్గర ఆ పేరుతో లేదు గానీ దారి ఉంది. విరమణ నాటికి లేని జబ్బు ఏడేళ్లలోపు బయటపడి, దాని బీజం సర్వీసులోనే పడిందని వైద్యాధికారులు తేలిస్తే 2008 నాటి సైనిక పెన్షన్ అర్హతా నిబంధనలు ఒప్పుకుంటాయి. అందుకు నాటి ఇంజురీ రిపోర్టు, ఆస్పత్రి కాగితాలు, విరమణప్పటి మెడికల్ బోర్డు నకలు, తేదీలున్న ఎక్స్‌రేలు కావాలి. ఆకుపసరుతో నెట్టుకొచ్చినవాళ్లకు ఇక్కడే చిక్కు. పసరు పనిచేసిందో లేదో గానీ, దానికి చీటీ ఉండదు.

అపోహ: మోకాలికి 20 చొప్పున రెండింటికీ కలిపి 40 శాతం, పెన్షన్ రెట్టింపు.

వాస్తవం: రెండూ తప్పే. బోర్డు శాతాలను ఊరికే కలపదు, మొత్తం మీద ఒక అంచనా వేస్తుంది. 20 శాతానికి తగ్గితే సాధారణంగా వైకల్య పెన్షన్ లేదు. 20 నుంచి 50 లోపు ఎంతున్నా 50గా లెక్కిస్తారు. గడువు పూర్తిచేసి రిటైరైనవారికీ ఈ 50 లెక్క వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014లో రామ్ అవతార్ కేసులో తేల్చింది. కాబట్టి రెండో మోకాలితో అంచనా 20 నుంచి 40కి పెరిగినా చేతికొచ్చేది మారదు. 20 దగ్గర ఆగిపోయినవాడు తిరిగే తిరుగుడంతా బస్సు ఖర్చుకే పోవచ్చు. 15 దగ్గర ఆగినవాడికి మాత్రం ఆ రెండో మోకాలే ఆధారం. 2023 సెప్టెంబరు 21 నుంచి విరమించినవారికి కొత్త నిబంధనలు వచ్చాయి. వాళ్లు ఈ పాత లెక్కలు నమ్ముకోకూడదు.

అపోహ: ‘సర్వీసుకు సంబంధం లేదు’ అని బోర్డు రాస్తే ఇక అంతే.

వాస్తవం: 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తిరగరాసింది. చేరేటప్పుడు ఏ లోపమూ రాయకుండా తీసుకున్న మనిషికి తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లేనని ముందు భావించాలి. కాదంటే ఎందుకు కాదో బోర్డే కారణం రాయాలి. ‘కొండల్లో పుట్టినవాడు, మోకాళ్లు ముందే అరిగుంటాయి’ లాంటి ఊహ కారణం కాదు. ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే రెండో అప్పీలు, ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్.

అపోహ: సీఆర్పీఎఫ్ వాళ్లకూ ఇవే రూల్స్.

వాస్తవం: కావు. వాళ్లు హోంశాఖ కింద ఉంటారు. వాళ్లకు వర్తించేవి సివిల్ ఉద్యోగుల అసాధారణ పెన్షన్ నిబంధనలు. ట్రిబ్యునల్‌కు కాదు, హైకోర్టుకు వెళ్లాలి.

అపోహ: ఇరవై ఏళ్లు దాటింది, ఇంకేం అడుగుతాం?

వాస్తవం: నెలనెలా రావాల్సిన పెన్షన్ రాకపోవడం నెలనెలా జరుగుతున్న అన్యాయమేనని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు అంది. ఆలస్యానికి కోత పడేది బకాయిల్లో. మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లవే ఇస్తారు.