పులస మరలి వచ్చు వేళ

ప్రయాణములో ఒకమారు రుచి మరిగిన పూటకూటింటిని మనుజుడు సులభముగా మరువడు. మరల ఆ దారిని పోవలసి వచ్చినపుడు ఆకలి ఉన్నను లేకున్నను అడుగులు ఆ గడపవైపే సాగును. చెన్నై నుండి కోల్‌కతా పోవు రహదారి సిద్ధాంతము వద్ద వసిష్ఠను, రావులపాలెము దాటిన పిమ్మట జొన్నాడ వద్ద గౌతమిని దాటును. ఆ పరిసరములలో ఇట్టి గడపలు పెక్కు కలవు. ఏడాది పొడవునను అచ్చట భోజనము దొరకును. కాని చేప రుచి తెలిసిన బాటసారి వరదల నాటికే మరలి వచ్చును. అతడు అడుగు మాట ఒక్కటే: “పులస పడిందా అండీ?”

దానికి బదులు చెప్పవలసినది వంటవాడు కాదు, గోదావరి. పులస ఏటిలో పుట్టి కడలిలో పెరుగు చేప. బంగాళాఖాతమున తిరుగునంతకాలము దానిని విలస అందురు. ఎర్రనీరు కడలిని చేరగనే అది గ్రుడ్లు పెట్టుటకై ప్రవాహమునకు ఎదురీదుచు నదిలోనికి వచ్చును. మంచినీటిలో ఈదిన కొలది రుచి హెచ్చి పులస యను పేరు పొందును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత దీనివలననే పుట్టినది.

మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు, పచ్చిమిరపకాయలు వేసి, కట్టెల సెగపై నిదానముగా దీనిని వండుదురు. నేడు వండిన పులుసు రేపటికి మరింత రుచించును. ముళ్ళు మెండు, బస్సు కదలునేమోయను తొందరలో నున్నవాడు దీనిని తినలేడు.

1852లో కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. కాని ఎగువకు పోవు చేపకు అడ్డు నిలిచినది. నేడు దాని స్థానమున బ్యారేజి ఉన్నది. దిగువనున్న కొద్దిపాటి నదిలోనే పులసకు వలలు ఎదురగుచున్నవి. గ్రుడ్లతో నిండిన చేపకే వెల ఎక్కువ. రాబోవు ఏటి పంటను ఈయేటి విస్తరిలోనే వడ్డించుకొనుచున్నామన్నమాట! కొరత పెరిగినకొలది అన్యతీరముల విలసలు మంచుపెట్టెలలో వచ్చి పులస పేర అమ్ముడగుచున్నవి.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు సముద్రమున మరబోట్ల వేట నిషిద్ధము. కాని పులస ప్రయాణము ఆ గడువు ముగిసిన పిమ్మటనే మొదలగును. బంగ్లాదేశమున ఇదే జాతి చేప గ్రుడ్లు పెట్టు అక్టోబరు ప్రాంతమున 22 దినములు దాని వేటను ఆపుచున్నారు. గోదావరి ముఖద్వారమునను వరదకాలమున కొన్ని దినములు వలలు తీసి తల్లిచేపలకు దారి విడువవచ్చును. ఆ దినములలో జాలరి కుటుంబమునకు జీవనభృతి కల్పించుట ప్రభుత్వము బాధ్యత.

బాటసారి చేయదగినదియు కొంత కలదు. పూటకూటింటివారు “ఈవేళ పడలేదండీ” యన్నచో నొచ్చుకొనక, కొరమేను పులుసుతో తృప్తిపడి, మరుసటి ఏటికి మరల రావలెను.