నాలుగు తలుపుల కూపే

మా మేనల్లుడు పంపిన ఫొటో చూసి మొదట నవ్వొచ్చింది. "పూర్తిగా రీస్టోర్ చేసిన క్లాసిక్ ఇటాలియన్ స్పోర్ట్స్ కూపే. తాండూరులో అమ్మకానికి" అని కింద రాసుంది. పైన మీగడ రంగు ఫియట్. తలుపులు లెక్కపెట్టాను. ఇటువైపు రెండు కనిపిస్తున్నాయి. అటువైపూ రెండే ఉంటాయి కదా.

"మామా, చూసొద్దువా? నీకు ఫియట్ పిచ్చి ఉంది కదా" అన్నాడు వాడు.

పిచ్చి సంగతి తర్వాత. కూపే అంటే ఏమిటో మాత్రం నాకు తెలుసు. ముప్పైనాలుగేళ్ళు రైల్వేలో టికెట్లు చూసి రిటైరైనవాణ్ణి. ఫస్టు క్లాసు పెట్టెలో నలుగురు పడుకునేది క్యాబిన్, ఇద్దరు పడుకునేది కూపే. కొత్తగా పెళ్ళయిన జంటలు దానికోసం చార్టు పట్టుకున్న నా వెంట పెట్టె పొడుగూతా నడిచేవాళ్ళు. కారుకీ, రైలుకీ ఆ పేరు ఒకచోటి నుంచే వచ్చింది. ఫ్రెంచిలో కూపే అంటే కోసింది అని అర్థం. ఎదురెదురు సీట్లున్న పెద్ద గుర్రపుబగ్గీలో ముందుసీటు కోసేసి, ఇద్దరు కూర్చునేంత మిగిల్చితే అది కూపే. కార్ల కాలం వచ్చాక రెండు తలుపులు, గట్టి కప్పు, వెనక్కి వాలే వీపు ఉన్న బండికి ఆ పేరు దక్కింది. ఈమధ్య కంపెనీలు నాలుగు తలుపుల కార్లనీ కూపే అని అమ్ముతున్నాయిలెండి. 1968 ఫియట్‌కి ఆ సదుపాయం లేదు.

అయినా వెళ్ళాను. మా నాన్న అనంతగిరి టీబీ శానిటోరియంలో పనిచేసేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా హైదరాబాదు నుంచి ఒక డాక్టరుగారు ఫియట్‌లో వచ్చేవారు. గుట్ట ఎక్కి రాగానే బండి ముందునుంచి ఆవిరి లేచేది. రేడియేటరులో పొయ్యడానికి బకెట్టుతో నీళ్ళు తెచ్చేది నేనే. ఆ వేడి ఇనుము వాసన, రెగ్జిన్ సీటు వాసన కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. పిచ్చి అంటే అదే.

ఒక్కణ్ణే వెళితే వాసనకే డబ్బిచ్చి వస్తానని తెలుసు. అందుకని ఆలంపల్లిలో నలభై ఏళ్ళు షెడ్డు నడిపిన ఉస్తాద్‌ని వెంటబెట్టుకున్నాను. ఆయన ఒక టార్చిలైటు, పన్నెండో నంబరు స్పానరు, పాత రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతం జేబులో వేసుకుని వికారాబాద్ స్టేషనుకి వచ్చాడు. అయస్కాంతాన్ని జేబురుమాలులో మూటగట్టాడు. ఎందుకని అడిగితే, "పెయింటు మీద గీత పడితే మనమే కొనాలె సార్" అన్నాడు.

బండి ఉన్నది ఒక నాపరాయి పాలిషింగ్ యార్డులో. తాండూరు ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు: రంపం కింద రాయి అరిచే చప్పుడు, కాళ్ళ కింద తెల్లటి బురద, పేర్చిన నీలిబండలు. ఆ బూడిద రంగంతటి మధ్యలో వేపచెట్టు కింద మీగడ రంగు ఫియట్ పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. యార్డు యజమాని కొడుకు, ముప్పై ఏళ్ళుంటాయేమో, ఎదురొచ్చాడు. బండి తాతగారిదట. గుల్బర్గాలో కొన్నారట.

"బిడ్డా, స్పోర్ట్స్ కూపే అని రాసినవు, నాలుగు తలుపులున్నయే?" అన్నాను.

"ఇటలీ కారే కదా అంకుల్. ఇటలీ అంటే స్పోర్ట్సే కదా."

సగం తప్పు, సగం ఒప్పు. ఫియట్ 1899లో ఇటలీలోని టొరినో నగరంలో పుట్టిన కంపెనీ. పేరులోని చివరి అక్షరం ఆ ఊరిదే. ఈ బండి మూలరూపం 1953లో అక్కడ వచ్చిన 1100-103. దాని వెనకున్న ఇంజనీరు డాంటే జకోసా. అంతకుముందు చిట్టెలుక అని ముద్దుపేరు పడ్డ టోపోలినో కూడా ఆయన చేతిదే. మధ్యతరగతి సంసారం ఎక్కడానికి చేసిన కారు అది. అయితే అదే ఏడాది దానికో చురుకైన తమ్ముడు పుట్టాడు. పేరు టీవీ, అంటే టూరిస్మో వెలోచే, వేగంగా తిరిగేది అని. ముందు జాలీ నడుమ మూడో దీపంతో ముక్కంటిలా ఉండేది. ఆ సరంజామా మీదే పినిన్ ఫరీనా వాళ్ళు రెండు తలుపుల కూపేలు కట్టారు. బ్రేషా నుంచి రోముకీ, మళ్ళీ వెనక్కీ వెయ్యి మైళ్ళు సాగే మిల్లే మిలియా పందెంలో 1100లు పరుగెత్తాయి. మన కుర్రాడి ప్రకటనలో నిజం అంతవరకే. ఆ కూపేలు కుర్లా దాకా రాలేదు.

కుర్లా అంటే బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీ. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన కంపెనీ. అక్కడ 1964 ప్రాంతంలో 1100 డిలైట్ మొదలైంది. తర్వాత ఫియట్ పేరు పోయి ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో చిత్తోడ్ రాణి పేరు పెట్టుకుని పద్మిని అయింది. ఇటలీలో 1100 తయారీ 1969లోనే ఆగిపోతే మనదగ్గర 2000 ప్రాంతం దాకా నడిచింది. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీగా 2023 అక్టోబరు దాకా తిరిగింది.

నిజంగా రెండు తలుపుల ఇటలీ సొగసు మన వీధుల్లో చూడాలనుకుంటే అది స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లీషు ట్రయంఫ్ కంపెనీకి టొరినోవాడైన మికెలోట్టి గీసిన బండి. 1960లలో మద్రాసులో తయారైంది. బానెట్ తెరిస్తే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరులా లేచేది. దాన్ని కూపే అంటే నేను తగాదా పెట్టుకోను.

ఉస్తాద్‌కి ఈ చరిత్ర పట్టలేదు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "గోనెసంచి ఉంటే ఒకటియ్యుండ్రి" అన్నాడు. కుర్రాడు పెయింటు చూపించబోతే, "రంగు ఎటూ పోదు బాబూ. ముందుగాల నన్ను పండుకోనియ్యి" అని బండి కిందికి దూరాడు.

రీస్టోర్ అన్న మాట మీద రెండు ముక్కలు చెప్పాలి. పాతబండిని కొత్తబండిలా చెయ్యడం రీస్టోర్ కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చెయ్యడం. మెరుపు తక్కువైనా పరవాలేదు. ఇంజన్ దానిదే కావాలి, అద్దం దానిదే కావాలి, వీలైతే నట్టు కూడా దానిదే కావాలి. అసలు ముట్టుకోకుండా వదిలేసినదానికే కొన్నిసార్లు ఎక్కువ పలుకుతుంది. ఫ్రాన్సులో ఒక పొలం కొట్టంలో దశాబ్దాలుగా పడి ఉన్న కార్లను 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేశారు. వాటిలో పాత పత్రికల కట్టల కింద దుమ్ముకొట్టుకున్న ఒక ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ ఉంది. ఒకప్పుడు నటుడు అలాన్ దెలాన్ తిరిగిన బండి. కడగకుండా, తుడవకుండా అమ్మితే కోటి అరవైమూడు లక్షల యూరోలు వచ్చాయి. (పాత పత్రికలు పడెయ్యొద్దని మా ఆవిడకు ఈ కథే చెబుతుంటాను.)

కిందనుంచి స్పానరు చప్పుడు వినిపిస్తోంది. టంగ్, టంగ్, టంగ్. తర్వాత దబ్. మళ్ళీ అక్కడే కొట్టాడు. దబ్.

పక్కన బండల మీద కూర్చున్న కుర్రాడి తండ్రి అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆ చప్పుడుకి తలెత్తాడు. నాపరాయి బేరగాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి బండ మోగుతుంది, లోపల పగులున్నది మోగదు.

ఈ ఫియట్‌కి లారీకున్నట్టు కింద వేరే షాసీ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద ముందునుంచి వెనక దాకా పోయే పెట్టెలాంటి పట్టీ, స్తంభాలు, కప్పు, అన్నీ కలిపి వెల్డింగు చేసిన గుల్లే దానికి ఎముకల గూడు. తలుపు తుప్పు పడితే తలుపు మారుస్తాం. ఆ పట్టీ తుప్పు పడితే బండి నడుమే వంగుతుంది. వానాకాలం నీళ్ళు తలుపులోంచి కారి ఆ పట్టీలోనే నిలుస్తాయి. బయటికి పోయే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుంటే లోపలినుంచి తినేస్తుంది. పైన మాత్రం పెయింటు పెళ్ళికూతురే.

ఉస్తాద్ బయటికొచ్చి అయస్కాంతం మూట విప్పకుండానే ఎడమ పట్టీకి ఆనించాడు. ముందు జానెడు దూరం పట్టుకుంది. నడుమ జారి కింద పడింది. ఇనుముంటే అంటుకుంటుంది, పుట్టీ ఉంటే జారుతుంది, అంతే శాస్త్రం. కుడివైపు చివరిదాకా పట్టుకుంది. "కుడి దిక్కు పని మంచిగ చేసిండు. గ్యాస్ వెల్డింగు సాఫ్‌గ ఉన్నది. ఎడమ దిక్కుకి వచ్చేసరికి పైసలైపోయినయేమో" అన్నాడు. కింద కొత్తగా పూసిన నల్లటి కోటింగు చూస్తే ఆయనకు అనుమానమట. తుప్పు ఆపడానికి పూసేవాళ్ళున్నారు, తుప్పు దాచడానికి పూసేవాళ్ళున్నారు. తేడా స్పానరే చెప్పాలి.

కుర్రాడి ముఖం చిన్నబోయింది. అతను మోసగాడు కాదు. పక్క ఊళ్ళో ఒక షెడ్డుకి ఎనిమిది నెలలు అప్పజెప్పి, అడిగినంతా ఇచ్చి, తెచ్చుకున్నాడు. పని జరుగుతున్నప్పుడు ఫొటోలు తీయించావా అంటే లేవన్నాడు. అది పెద్ద లోటు. రంగు పడకముందు విప్పిన బాడీ ఫొటోలు పది ఉంటే, ఈ పరీక్షలన్నీ సగం తప్పేవి.

ఇంజన్ దగ్గర మాత్రం మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. స్టార్టు చేసేముందు ఉస్తాద్ బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మనం వచ్చేముందే వేడి చేసి ఉంచితే ఇంజన్ లోపాలు బయటపడవు. ఛోక్ లాగి సెల్ఫ్ కొడితే రెండో తిప్పుకే అందుకుంది. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, కుట్టుమిషను చప్పుడు. పొగ చూశాం. నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నట్టు, వేడెక్కినా తెల్లగా వస్తూనే ఉంటే నీళ్ళు లోపలికి పోతున్నట్టు. రెండూ లేవు. నేను నడిపాను. స్టీరింగు పక్కన కర్రలా ఉండే గేరు, ముందు ముగ్గురు కూర్చునే సోఫా సీటు. రాళ్ళ లారీల మధ్య గుంతల్లో రెండు కిలోమీటర్లు పోయొచ్చాను. బ్రేకు కొంచెం ఎడమకు లాగింది. కింగ్‌పిన్నులకు గ్రీజు కొట్టి ఎన్నాళ్ళయిందో, మలుపులో కిర్రుమంది. రెండూ చిన్నపనులే. నా చేతులు మాత్రం వణికాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తిరిగొచ్చి ఆర్‌సీ అడిగాను. కర్ణాటక రిజిస్ట్రేషను, 1968. షాసీ నంబరు సరిపోయింది. ఇంజన్ నంబరు సరిపోలేదు. ఎప్పుడో పాతది పగిలితే తర్వాతి కాలపు పద్మిని ఇంజన్ ఎక్కించారు. బిగింపు ఒకటే కాబట్టి చక్కగా కూర్చుంది. కాగితం మాత్రం మార్చలేదు.

ఇది చిన్న విషయం కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన సొంతబండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఫీజు ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అన్న అక్షరాలొస్తాయి. అయితే బాడీకీ, షాసీకీ, ఇంజన్‌కీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలా రిజిస్టరైన బండిని రోజూ కూరగాయలకు వేసుకుపోవడం కుదరదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో తియ్యాలి. నాలాంటివాడు నెలకోసారైనా అనంతగిరి ఎక్కాలనుకుంటే మామూలు ఆర్‌సీనే నయం. ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. పైగా రాష్ట్రం మారుతోంది కాబట్టి కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ రావాలి. ఏ దారి పట్టినా ఆర్‌సీలో లేని ఇంజన్ నంబరు కనిపిస్తే బండి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు అక్కడే ఆగుతాడు.

కుర్రాడు అయిదు లక్షలు చెప్పాడు. ఉస్తాద్ నా చెవిలో మూడు అన్నాడు. ఎడమ పట్టీ కోసి కొత్త రేకు వేసి మళ్ళీ రంగు కొట్టడానికి ఎంతవుతుందో వేళ్ళ మీద లెక్కగట్టి కుర్రాడికే చెప్పాడు. బేరం కుదరలేదు. కొట్లాటా కాలేదు. ఆ తండ్రి మమ్మల్ని టీ తాగకుండా పోనివ్వలేదు. బయల్దేరేటప్పుడు కిలో కందిపప్పు పొట్లం నా సంచిలో పెట్టాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మేం అడక్కుండానే చెప్పాడు.

అది స్పోర్ట్స్ కారు కాదు, కూపే కాదు, పూర్తి రీస్టోరూ కాదు. మంచి ఇంజన్, నిజాయితీగల కుడిపక్క, పుట్టీ ఎడమపక్క ఉన్న ఫియట్ 1100 డిలైట్. మూడున్నరకు నాకు సమ్మతమే. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించి, ఎడమ పట్టీ విప్పిన ఫొటోలు పంపమని చెప్పి రైలెక్కాం.

పోయిన వారం ఫొటోలు వచ్చాయి. పట్టీ కోశారు. లోపల నేననుకున్నదానికంటే ఎక్కువే తిన్నది. ప్రకటన కూడా మార్చాడు: "ఫియట్, 1968, నాలుగు తలుపులు, పని నడుస్తున్నది."